మూడే గుంతలు

నాకు ఒక సవతి ఉండేది. పొడుగాటి కర్ర, కర్ర చివర రొట్టెల పెనమంత పళ్ళెం, భుజానికి తగిలించుకునే బ్యాటరీల సంచి, చెవులకు పెట్టుకునే నల్లటి దొప్పలు, ఇవీ దాని అంగాలు. మా ఆయన యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి, బర్మా దిక్కు పోయి, నేలలో పాతిన బాంబులను అలాంటి మిషన్‌తోనే వెతికిన మనిషి. తిరిగి వచ్చాక మంచిర్యాల స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఒకసారి సామాన్లకని సికింద్రాబాద్ పోయి, పటాలం పాత సామాను అమ్మేచోట దీన్ని చూసి, నాకు తెస్తానన్న చీరె మర్చిపోయి దీన్ని మోసుకొచ్చాడు. నేను మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఆయన దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. నేను మాట్లాడడం లేదన్న సంగతి నాలుగోనాడు నేను చెప్తేనే ఆయనకు తెలిసింది.

మిషన్ చేసే పని ఒక్కటే. కింద ఇనుమో ఇత్తడో ఉంటే చెవిలో కూత పెడుతుంది. అది మేకు ముక్కా, వెండి సొమ్ములున్న చెంబా అన్నది చెప్పదు. కూత వినడం ఎవరికైనా వస్తుంది. నేను కూడా దొప్పలు పెట్టుకుని మా వాకిట్లో తిప్పి చూశాను. చెవిలో తుమ్మెద దూరినట్టు ఉంది, అంతే. ఏ కూతకు తవ్వాలి, ఏ కూతను దాటిపోవాలి అన్నదే విద్య. ఆ విద్య మా ఆయన దగ్గర ఉండేది. మొగుడు కాబట్టి పొగుడుతోందని మీరు అనుకోవచ్చు. ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో ముప్పై ఏండ్లలో తెలుసుకోని మనిషి ఆయన. దానికి తిట్టవలసినంత తిట్టాను. తిట్టినదానికి మెచ్చుకునే హక్కు కూడా ఉంటుంది కదా.

పటాలంలో ఈ తంటా లేదనేవాడు. అక్కడ ప్రతి కూతకూ ఆగాల్సిందే, ఒక్కటి వదిలినా ప్రాణం పోతుంది. మా దిక్కు నేల నిండా ఇనుమే. ఎడ్ల నాడాలు, బండి సీలలు, విరిగిన కొడవండ్లు, దిష్టికని మూలమూలనా కొట్టిన మేకులు. అన్నీ తవ్వుకుంటూ పోతే ఇల్లు కాస్తా దుక్కి అవుతుంది. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కూత టక్కున లేచి గట్టిగా అరిచి టక్కున పడిపోతే అది పైపైన ఉన్న ఇనుప ముక్క, వదిలెయ్యాలి. మెల్లగా లేచి, వెడల్పుగా సాగి, మెల్లగా పడితే అది లోతున ఉన్న పెద్ద వస్తువు, దానికి తవ్వొచ్చు.

ఆ విద్యకు మా దగ్గర గిరాకీ ఎందుకుండేదో చెప్పాలి. పోలీస్ యాక్షన్‌కు ముందటి గడబిడ రోజుల్లో ఊర్లకు ఊర్లే ఖాళీ అయి గోదావరి దాటి, నిజాం హద్దు అవతలి చాందా దిక్కు పోయాయి. పోయేవాళ్ళు ఇత్తడి, వెండి ఇంట్లోనే పాతి, పైన అలికి పోయారు. తిరిగి వచ్చాక చాలామందికి దొరికాయి. కొందరికి దొరకలేదు. గుర్తు పెట్టుకున్న దూలం కాలిపోయింది, పందిరి గుంజ చెదలు పట్టింది, పాతినవాడు పరాయి ఊర్లో చనిపోయాడు. అట్లాంటివాళ్ళు మా దుకాణానికి వచ్చేవాళ్ళు. లంకెబిందెల కోసం వచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళకు ఆయన చాయ్ తాగించి, "నా మిషన్‌కు మీ తాత దాసిన ముచ్చట తెల్వదు" అని పంపించేవాడు.

ఒక ఎండాకాలం, పొద్దున రైలుబండికి దిగి ఒకామె దుకాణానికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. బొట్టు లేని నొసలు, బిగించి కట్టిన గోచి చీరె. పెద్దపల్లి అవతల ఊరు. స్టూలు వేస్తే కూర్చోలేదు, గడప దగ్గర నేల మీదే కూర్చుంది.

"గడబిడల మా యారాలి సొమ్ములు, నా సొమ్ములు, అత్త ఒడ్డాణం అన్ని ఒక ఇత్తడి చెంబుల పెట్టి నేనే పాతిన కొడుకా," అంది. "గుమ్మికి మూడడుగుల అవుతల పెట్టిన. మా ఇంటాయన చాందా కాడనే జరమొచ్చి పోయిండు. జాగ నాకొక్కదానికే ఎరుక. మల్లొచ్చి చూస్తె గుమ్మి లేదు, ఇల్లే లేదు, కాలి కూలింది. మరిది కొత్తగ గోడలు లేపిండు. నేను చెప్పిన కాడ తవ్విండ్రు, దొరకలే."

గుమ్మి అంటే వడ్లు పోసుకునే వెదురు గాదె. అది ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఆమెకు ఇక ఏ ఆనవాలూ మిగలలేదు.

దొరకకపోయేసరికి యారాలు, అంటే తోడికోడలు, ఒక మాట అన్నది. పెద్దకోడలైన ఈ పెద్దామే ఎప్పుడో వచ్చి తవ్వి, తన బిడ్డకు పంపించుకుందని. నిప్పు లేనిదే పొగ రాదని ఊరు అన్నది. మరిది ఏమీ అనలేదు గానీ, ఒకే వాకిట్లో పొయ్యిలు వేరయ్యాయి. పెద్దామె కొట్టం పక్క అర్రలో వండుకుంటోంది. పదేండ్లు దాటింది. ఇద్దరికీ మాటల్లేవు.

మా ఆయన చేతిలోని రేడియో పక్కన పెట్టి అన్నాడు. "పెద్దమ్మా, ఒక మాట ముందుగాల్నే చెప్త. మిషన్ పెట్టినంక గూడ దొరకకుంటె నీ మీద మాట ఖాయమైతది. ఇప్పుడు సగం మందన్న నమ్ముతుండ్రు. ఎరికేనా?"

"ఎరికే. పదేండ్ల సంది సగం ఉండి సగం పోయి ఉన్నది. ఇటో అటో కానియ్యి కొడుకా."

నాకు ఆమె మీద గౌరవం అక్కడే పుట్టింది. పోగొట్టుకునేది ఏమిటో తెలిసి, దాన్ని తీసుకొచ్చి మా గడపలో పెట్టింది.

ఆడవాళ్ళ అర్రల్లో తిరగాల్సి ఉంటుంది, నువ్వు కూడా రావాలన్నాడు మా ఆయన. సవతికి తోడుగా నేనూ బయల్దేరాను. పెద్దపల్లిలో రైలు దిగితే మరిది ఎడ్లబండి కట్టుకుని వచ్చి ఉన్నాడు. మనిషి మెత్తన. దారి పొడుగునా వానల గురించే మాట్లాడాడు. ఇంటికి వచ్చాక మాత్రం గోడ మీద చెయ్యి వేసి ఒక షరతు పెట్టాడు.

"అన్నా, ఇవి మట్టి గోడలు. వానలు ముందటున్నయి. అడుగుల తవ్వితె గోడ కూసుంటది. మూడు గుంతలు తవ్వుండ్రి. నాలుగోది మాత్రం వద్దు."

మాటలో న్యాయం ఉంది. మా ఆయన ఒప్పుకున్నాడు. యారాలు వంటింటి దర్వాజలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మాకు నీళ్ళిచ్చింది, కుశలం అడిగింది. పెద్దామె వైపు మాత్రం కన్ను తిప్పలేదు. పెద్దామె వాకిట్లో ఒక పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

ఆయన దొప్పలు పెట్టుకుని ఇల్లంతా జానెడు జానెడుగా తిరగడం మొదలుపెట్టాడు. ఆ నడక చూడాల్సిందే. పెళ్ళికూతురు గడప దాటినట్టు అడుగు తీసి అడుగు వేసేవాడు. కూత వచ్చినచోట వేలు చూపిస్తే నేను చిటికెడు ముగ్గు వేసేదాన్ని. మెల్లని కూతకు ఒక చిటికె, గట్టి కూతకు రెండు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఇల్లంతా చుక్కలే, కలిపేవాళ్ళు లేరు. ఇరవై దాటాయి. ఊరివాళ్ళు దర్వాజలోంచి తొంగిచూసి, తలా ఒక చుక్కకు తవ్వమని సలహా ఇచ్చారు. ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానలేదు.

మా ఆయన ఎవరి మాటా వినలేదు. గట్టి కూతలు తొమ్మిది, వాటిని పక్కన పెట్టాడు. మెల్లని కూతల్లో మళ్ళీ నాలుగు దిక్కుల నుంచి నడిచి విని, నడింట్లో ఒకదాన్ని ఎంచాడు. మరిది గడ్డపార పట్టాడు. మోకాలి లోతున ఇనుము తగిలింది. బయటికి తీస్తే బండి చక్రం పట్టా, సగం ముక్క. ఎవరో నవ్వారు. కొండను తవ్వి ఎలుకను పట్టారనే మాట కూడా వినబడింది.

రెండోదానికి ఆయన ఇంకా ఎక్కువ సేపు తీసుకున్నాడు. అర్రలో మూలకు ఉన్న కూత అది. వెడల్పుగా, మెత్తగా ఉందని నాకూ వినిపించాడు. తవ్వితే బొగ్గు, బూడిద, దాని కింద ఒక ముద్ద. పాత ఇల్లు కాలినప్పుడు కప్పు నుంచి పడిన మేకులు, కొక్కేలు, గొళ్ళేలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మరిది దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. కాలిన ఇల్లు ఆయనకు గుర్తొచ్చిందేమో. మెల్లగా తీసి బయట పెట్టాడు.

"ఇంకొకటే," అంది యారాలు, గోడతో చెప్పినట్టు.

పెద్దామె లేచి కొట్టం వైపు వెళ్ళిపోయింది. మా ఆయన ముఖం చూశాను. బ్యాటరీలు కూడా సన్నబడుతున్నాయని, కూతలు పల్చగా వస్తున్నాయని చెప్పాడు. ఇంకా పదిదాకా మెల్లని కూతలు ఉన్నాయి. వేరే మనిషి అయితే పరువు కోసం ఏదో ఒకదానికి గడ్డపార వేయించేవాడు. ఆయన దొప్పలు తీసి మెడలో వేసుకుని, "జర ఆగుదాం," అన్నాడు. తర్వాత నాతో మెల్లగా, "నువ్వు పొయ్యి ఆమెతోని మాట్లాడు. జాగ అడగకు, జాగ మర్శిపోయింది. ఎట్ల పాతిందో అడుగు. చేతులకు యాదుంటది," అన్నాడు.

కొట్టంలో పెద్దామె దూడ పక్కన కూర్చుని దాని మెడ నిమురుతోంది. నేను కూడా గడ్డి మీద కూర్చున్నాను. ఎట్లా తవ్వావు పెద్దమ్మా అని అడిగాను.

"కొడవలితోని. కూసోని తవ్విన. మోచెయ్యి పట్టేదాక తవ్విన."

"చెంబు నిలవెట్టినవా, పండవెట్టినవా?"

"నిలవెట్టిన. మూతికి గుడ్డ కట్టి మీద మట్టి వోసిన. అలికిన."

"మట్టే పోసినవా? ఇంకేం పెట్టలే?"

ఆమె చెయ్యి దూడ మెడ మీద ఆగిపోయింది. అప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. పాతిన ధనం నడుస్తుందని మా అవ్వ గట్టిగా నమ్మేది. నేలలో పెట్టిన సొమ్ము పెట్టినచోట ఉండదు, ఒక్కో ఏడు కొంచెం కొంచెం జరిగి పోతుంది, అందుకని మీద ఇనుము పెట్టి కట్టెయ్యాలి. ఏం పెట్టామో నోరు తెరిచి చెప్తే కట్టు తెగుతుంది, సొమ్ము లేచి పోతుంది. చదువుకున్నదాన్నని నేను అవ్వను ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు ఎగతాళి రాలేదు.

"నడువకుండ మీద ఏం పెట్టినవ్ పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె నన్ను భయంగా చూసింది. "గది అడుగకు బిడ్డా. చెప్తె పోతది."

"చెప్పకుంటె దొరకది."

అవతల వాకిట్లో ఊరివాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. పదేండ్లుగా మరిదికి, పంచాయతీ పెద్దలకు, కన్న బిడ్డకు కూడా చెప్పని మాట అది. ఊరంతా దొంగ అంటున్నా చెప్పలేదు. చెప్తే సొమ్ము పోతుంది, సొమ్ము పోతే తన మాట పోతుందని ఆమె లెక్క. చివరికి నా చెవి దగ్గరికి వంగి, "నాగలి కర్రు," అంది. కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇగ ఉండది. చెప్పిన గదా, ఇగ ఉండది."

కర్రు అంటే నాగలికి తొడిగే ఇనుప మొన. నేను లేచి పరుగులాంటి నడకతో వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. ఆడవాళ్ళ చాదస్తం అనలేదు. ఆ మాట అనడానికి అక్కడ పదిమంది మగవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

"తప్పు నాదే," అన్నాడు. "ఏం పాతినవని అడిగిన. మీద ఏం పెట్టినవని అడగలే."

చెంబు మీద కర్రు ఉంటే పై కూత కర్రుదే. గట్టిగా, టక్కున లేచే కూత. ఆయన పద్ధతి ప్రకారం ముందే పక్కన పెట్టిన కూత. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మగవాళ్ళను నేను చాలామందిని చూశాను, మా నాయనతో సహా. పదేండ్లు నమ్ముకున్న పద్ధతిని, ఊరంతా చూస్తుండగా, ఒక పూట తిరగకముందే వదిలేసిన మనిషిని ఆయన ఒక్కణ్ణే చూశాను. దొప్పలు మళ్ళీ పెట్టుకుని ఆ తొమ్మిది గట్టి కూతల దగ్గరికి పోయాడు.

ఒక్కొక్కదాని మీద పళ్ళేన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పాడు. మేకైతే ఎటు తిప్పినా కూత ఒక్కతీరే. కర్రు జానెడున్నర పొడుగు కాబట్టి ఒక దిక్కున సాగుతుంది, ఇంకో దిక్కున తెగుతుంది. ఏడు పోయాయి. రెండు మిగిలాయి. ఒకటి గడప కింద, ఇంకోటి నడిగోడ అంచున. మరిదిని పిలిచి అడిగాడు.

"ఇల్లు మల్ల కట్టినప్పుడు గడప కింద ఏమన్న పెట్టినవా తమ్మీ?"

"గడ్డపార ముక్క పెట్టిన అన్నా. దిష్టికి."

ఇక గోడది ఒక్కటే. మరిది ముఖం పాలిపోయింది. సరిగ్గా గోడ మొదట్లో, బెత్తెడు దూరంలో ఉంది చుక్క. కొత్త గోడ పాత గుమ్మి ఉన్న జాగ మీదికి జరిగిందన్నమాట. గడ్డపార వేస్తే గోడ దిగుతుంది. మూడు గుంతల మాట ఇచ్చాడు గానీ, ఇక్కడ అనుకోలేదు. ఏం చెయ్యాలో తెలియక పెండ్లాం వైపు చూశాడు.

"తవ్వనీయి," అంది యారాలు. "ఇది గూడ అయిపోనీ."

మా ఆయన గడ్డపార వద్దన్నాడు. కొడవలి అడిగి తీసుకుని, చొక్కా విప్పి నేల మీద బోర్లా పడుకున్నాడు. నేను ఆయన పటాలం పని అంతవరకు ఎప్పుడూ చూడలేదు. గోడకు ఎడంగా చిన్న గుంత తీసి, అక్కడి నుంచి పక్కగా గోడ వైపు, కొడవలి మొనతో గీకుతూ, రాలిన మట్టిని వేళ్ళతో తోడుతూ పోయాడు. చెంప నేలకు ఆన్చి ఉంది. ఊపిరి కూడా చూసుకుని వదిలాడు. ఈయన పరాయి దేశంలో ఇట్లా పడుకుని ఉంటే, నేను ఇక్కడ ఉత్తరం రాయలేదని అలిగి కూర్చున్నాను గదా అనుకున్నాను. ఆ పూట నాకు ఆయన మీద ఉన్న కోపాలన్నీ కొద్దిసేపు పోయాయి.

కొడవలికి టక్కుమని తగిలింది. తుప్పు పట్టిన కర్రు, మొన గోడ వైపు. దాన్ని తీసి పక్కన పెట్టి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, కండ్లు మూసుకుని తడిమాడు. చెంబు పైకి వచ్చింది. మూతికి కట్టిన గుడ్డ పట్టుకుంటేనే పొడి అయింది.

తుండు పరిచి అన్నీ దాని మీద పెట్టారు. నల్లబడ్డ వెండి కడియాలు, పట్టగొలుసులు, గుండ్ల దండ, ముక్కలు విడిపోయిన ఒడ్డాణం. యారాలు ముందుకు వచ్చి కడియాలు తీసుకుంది. తల్లిగారు పెట్టినవట. వాటిని కొంగుతో తుడుస్తూ ఉంది గానీ చూపు ఎక్కడో ఉంది. గోడ ఇంచు కూడా కదలలేదు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే మెల్లగా జారుకున్నారు.

పెద్దామె ఇంకా కొట్టంలోనే ఉందని గుర్తొచ్చి నేను పోయాను. దూడకు అవతల, చీకటి మూలలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"దొరికింది పెద్దమ్మా," అన్నాను.

"నువ్వు చూసినవా?"

"నా కండ్లతోని చూసిన. కర్రు గూడ ఉన్నది."

"ఒడ్డాణం ఉన్నదా?"

"అన్ని ఉన్నయి."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె రెండు అరచేతులూ ముందు పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. "నేను తియ్యలేదన్నట్టు," అంది, చాలా నెమ్మదిగా, తనకు తనే చెప్పుకున్నట్టు. తర్వాత తల ఎత్తింది. "అందరు అనంగ అనంగ, నేనే తీసిన్నేమో, తీసి ఎవరికో ఇచ్చి మర్శిన్నేమో అనుకున్న బిడ్డా. మా ఇంటాయన పొయినప్పుడు నాకు సోయి లేకుండె. గప్పుడేమన్న చేసిన్నేమో అని. పదేండ్లు గీ చేతులనే చూస్కుంట ఉన్న."

వెనక అలికిడైతే తిరిగి చూశాను. యారాలు కొట్టం దర్వాజలో నిలబడి ఉంది. ఆ మాటలన్నీ విన్నది. చేతిలో కడియాలు అట్లాగే ఉన్నాయి. పేడ నేల మీదే కూర్చుండిపోయింది.

"నేనే అన్ననక్కా," అంది. "ఊరు అనలే. ముందుగాల నేనే అన్న."

పదేండ్లలో ఆమె అక్కా అని పిలవడం అదే మొదటిసారి. పెద్దామె ఆమె వైపు తిరిగింది. కోపం ఉంటుందని చూశాను, లేదు.

"అన్నవు," అంది. "నేను గూడ నమ్మిన గదనే."